గాదెలోని గింజ, డ్రైవ్‌లోని మోడల్

బొమ్మలు గీసే ఏఐ మోడల్‌ను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కేబుల్ పీకి, ఆ డ్రైవ్‌ను బీరువాలో పెడితే, బొమ్మ గీసే సామర్థ్యం బీరువాలో ఉన్నట్టా, లేనట్టా? భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్నకు పాత రూపం ఒకటుంది. గాదెలో పోసిన గింజ మొలకెత్తదు, అదే గింజ తడినేలలో పడితే మొలకెత్తుతుంది. గాదెలో ఉన్నంతకాలం దానికి మొలకెత్తే సామర్థ్యం ఉందా లేదా అన్నదాని మీద బౌద్ధులూ, న్యాయదర్శనానికి చెందిన నైయాయికులూ తరతరాలు వాదించుకున్నారు. పది, పదకొండు శతాబ్దాల్లో ఆ వాదం బాగా ముదిరింది. విక్రమశిల విహారానికి చెందిన జ్ఞానశ్రీమిత్రుడు, ఆయన శిష్యుడు రత్నకీర్తి ఒక పక్షం. మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు ఆత్మతత్త్వవివేకం రాసి రెండో పక్షాన్ని నిలబెట్టాడు. వాళ్ల ముందున్నవి గింజ, నేల, నీరు. ఇప్పుడు ఫైల్, కేబుల్, గ్రాఫిక్స్ కార్డు పెట్టి అదే ప్రశ్న అడగొచ్చు. పైగా గింజ లోపల కంటికి కనిపించకుండా జరిగిపోయే మెట్లు ఇక్కడ ఒక్కొక్కటీ విడివిడిగా బయటపడతాయి.

ముందు ఆ ఫైల్ ఏమిటో చూడాలి. 2022 ఆగస్టులో బయటికొచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ మోడల్ ఫైల్ సుమారు 4 జీబీ. 2023 జులైలో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ దాదాపు 7 జీబీ. 2024 ఆగస్టులో బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ విడుదల చేసిన ఫ్లక్స్‌లో 1,200 కోట్ల పారామీటర్లు ఉంటాయి, ఒక్కోదాన్ని 16 బిట్లలో దాస్తే ఫైల్ 24 జీబీ దాకా పోతుంది. వీటి మీద ఆధారపడి ఎవరెవరో తయారు చేసిన మోడళ్లు, ఒక్కో శైలికి ఒక్కో లోరా (మోడల్‌కు తగిలించే చిన్న అదనపు ఫైల్), వాటికి తోడు వాక్యాన్ని అంకెలుగా మార్చే టెక్స్ట్ ఎన్‌కోడర్లు పోగుపడతాయి. 512 జీబీ ల్యాప్‌టాప్ నిండిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే ఇవి బయటి డ్రైవ్ బాట పడతాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న సేఫ్‌టెన్సర్స్ ఫైల్‌ను విప్పి చూస్తే దాని కట్టుబడి తేలిగ్గానే అర్థమవుతుంది. మొదటి 8 బైట్లు తర్వాత వచ్చే పట్టిక ఎంత పొడవో చెబుతాయి. ఆ పట్టికలో వందల కొద్దీ పేర్లుంటాయి: ఫలానా పొర, దాని కొలతలు ఇవి, దాని అంకెలు ఫైల్‌లో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా. పట్టిక అయిపోయాక చివరిదాకా వట్టి అంకెలే. తొలి స్టేబుల్ డిఫ్యూజన్‌లో బొమ్మ గీసే ప్రధాన భాగంలోనే ఇలాంటి అంకెలు 86 కోట్లు. ఎంత వెతికినా అందులో ఒక ముఖం గానీ చెట్టు గానీ కనిపించదు. గాదెలోని గింజను చీల్చి చూసినా మొక్క కనిపించదు కదా అని దర్శనకారుడు గుర్తుచేసేది ఇక్కడే.

బౌద్ధుల వాదం పదునైనది. ఉండటమంటే ఏదో ఒక పని చేయడమే, ఏ పనీ చేయనిది ఉన్నదనడానికి ఆధారం లేదు అన్న ధర్మకీర్తి సూత్రం మీద అది నిలబడుతుంది. గాదెలోని గింజకు మొలకెత్తే సామర్థ్యం నిజంగా ఉంటే అది ఆ క్షణానే మొలకెత్తాలి, సామర్థ్యం ఉన్నది ఆలస్యం చేయడానికి కారణం లేదు. నేల, నీరు తోడైతే గాని మొలకెత్తదంటే, అవి గింజకు కొత్తగా ఏదో ఇచ్చినట్టే. ఇచ్చాయంటే అది మునుపటి గింజ కాదు. కాబట్టి గాదెలోనిది ఒక గింజ, మొలకెత్తే క్షణంలో ఉన్నది వేరొక గింజ. మధ్యలో క్షణానికొకటిగా గింజలు పుట్టి పోతుంటాయి, పోలిక వల్ల ఒకటే అనుకుంటాం. పని చేసే ఆ చివరి క్షణపు గింజకు వాళ్లు పెట్టుకున్న పేరు కుర్వద్రూపం.

ఉదయనుడు దీన్ని ఒప్పుకోలేదు. గింజ ఒకటే. దానికి స్వభావరీత్యా యోగ్యత ఎప్పుడూ ఉంటుంది, తోడు కారణాలన్నీ కూడినప్పుడు ఫలం వస్తుంది, కూడనప్పుడు రాదు. ఆలస్యం గింజలోని లోపం కాదు, సామగ్రిలోని లోపం. తర్వాతి నైయాయికులు ఈ రెంటికీ విడి పేర్లు పెట్టారు. అడవిలో పడి ఉన్న కర్రకు కుమ్మరి సారె తిప్పే యోగ్యత ఉంది, అది స్వరూపయోగ్యత. కుమ్మరి చేతికొచ్చి కుండ పుట్టించిన కర్రది ఫలోపధాయకత్వం. ఆంధ్రదేశపు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో శాస్త్రం మొదలుపెట్టే విద్యార్థి కూడా సమవాయి, అసమవాయి, నిమిత్తం అనే మూడు రకాల కారణాలు నేర్చుకుని ఈ వాదంలోకి అడుగుపెడతాడు.

బీరువాలోని డ్రైవ్ గాదెలోని గింజే. అయితే ఈ గింజ ఎలా మొలుస్తుందో వివరంగా చూస్తే ఇద్దరికీ చెరి సగం గెలుపు దక్కుతుంది.

డ్రైవ్ తగిలించి మోడల్‌ను ఎంచుకోగానే ఫైల్‌లోని అంకెలు కేబుల్ గుండా కంప్యూటర్ ర్యామ్‌లోకి, అక్కడి నుంచి గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీలోకి కాపీ అవుతాయి. బొమ్మ గీసేటప్పుడు పని చేసేవి ఆ మెమరీలోని అంకెలు. డ్రైవ్‌లోని ఫైల్ అప్పుడు ఏమీ చేయదు. చాలామంది పడే మొదటి అపోహ ఇక్కడే ఉంది. డ్రైవ్ నెమ్మదిదైతే బొమ్మలు నెమ్మదిగా వస్తాయనుకుంటారు. నిజానికి మోడల్ పూర్తిగా కార్డులోకి ఎక్కాక డ్రైవ్ వేగానికీ బొమ్మ వేగానికీ సంబంధం లేదు. సమస్య ఎక్కడంలోనే. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 35 ఎంబీ వస్తే గొప్ప, 7 జీబీ ఫైల్ ఎక్కడానికి మూడు నిమిషాలు దాటుతుంది. యూఎస్‌బీ 3.0కు తగిలించిన తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు 120 ఎంబీ ఇస్తే దాదాపు నిమిషం. సెకనుకు 1,000 ఎంబీ ఇవ్వగల ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ అయితే ఏడు సెకన్లు. రెండు మూడు మోడళ్లను మార్చి మార్చి వాడేవారికి ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. ఒకే మోడల్ పెట్టుకుని సాయంత్రమంతా గీసేవారికి మొదటి నిమిషం తర్వాత గుర్తుండదు.

బౌద్ధుడికి ఇంతకంటే ఏం కావాలి? దాచిన మోడల్ వేరు, పని చేసే మోడల్ వేరు అని ఆయన చెప్పింది ఇక్కడ అక్షరాలా నిజం. పైగా రెండోది మొదటిదానికి అచ్చు నకలు కూడా కాకపోవచ్చు. కార్డు చిన్నదైతే 16 బిట్ల అంకెలను ఎక్కించేటప్పుడే 8 బిట్లకు కుదిస్తారు. ఒక లోరాను కలిపితే పొరల్లోని అంకెలు మారిపోతాయి. బొమ్మ వచ్చేసరికి మెమరీలో ఉన్న మోడల్ ఏ డ్రైవ్‌లోనూ లేనిది, కరెంటు పోతే మాయమయ్యేది. కుర్వద్రూపానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

అంతమాత్రాన ఉదయనుడు ఓడిపోలేదు. ఆయన బలం కారణసామగ్రి దగ్గర ఉంది. డ్రైవ్‌లో ఫైల్ చెక్కుచెదరకుండా ఉండి కూడా మోడల్ పని చేయని సందర్భాలు ఎన్నో. వాటిలో తప్పు ఫైల్‌ది కాదు. విండోస్‌లో నిన్న ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరంతో తెరుచుకున్న డ్రైవ్, మరో పెన్‌డ్రైవ్ ముందే పెట్టి ఉండటం వల్ల ఇవాళ ‘ఎఫ్’ (F) అక్షరంతో తెరుచుకుంటుంది. బొమ్మల సాఫ్ట్‌వేర్ పాత చిరునామాలోనే వెతుకుతుంది. మోడళ్ల జాబితా ఖాళీగా కనిపిస్తుంది, లేదా ఫైల్ దొరకలేదని ఎర్ర అక్షరాలు వస్తాయి. వాడేవాడు కంగారుపడి 7 జీబీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటాడు. డ్రైవ్‌కు స్థిరమైన అక్షరం కేటాయిస్తే పోయేదానికి ఇంత శ్రమ. నైయాయికుడి మాటల్లో స్వరూపయోగ్యత పూర్తిగా ఉంది, తోడు కారణం ఒకటి తప్పింది.

లింకుల వ్యవహారం ఇంకా చిక్కు. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో మోడల్ పేరు మాత్రమే ఉంచి, అసలు ఫైల్ బయటి డ్రైవ్‌లో ఉండేలా చేయడానికి సిమ్‌లింక్ అనే ఏర్పాటు ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఫైల్ తన ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, నిజంగా ఉన్నది మరోచోట. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో ఈ లింకులు ఉంచవచ్చు. కానీ దుకాణం నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు ఎన్నో ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ రెంటిలో రాయడానికి వీలని. ఎక్స్‌ఫ్యాట్ లోపల సిమ్‌లింకులకు చోటు లేదు. మోడళ్లను పంచుకునే వేదిక హగ్గింగ్ ఫేస్ నుంచి దిగే మోడళ్లు దాచుకునే ఫోల్డర్ లింకుల మీదే నడుస్తుంది. అసలు సరుకు బ్లాబ్స్ అనే అరలో పొడవాటి సంకేతాల పేర్లతో ఉంటుంది, మనుషులు చదవగలిగే పేర్లు స్నాప్‌షాట్స్ అనే అరలో లింకులుగా ఉంటాయి. ఈ ఫోల్డర్‌ను లింకులను అనుసరించే పద్ధతిలో ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ప్రతి లింకు ఒక పూర్తి ఫైల్‌గా మారి చోటు రెండింతలవుతుంది. వేరే పద్ధతిలో చేస్తే లింకులు కాపీ కాకపోవచ్చు.

పాత ఫ్యాట్32తో ఉన్న డ్రైవ్‌ల గొడవ వేరు. అందులో ఒక్క ఫైల్ 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. తొలి స్టేబుల్ డిఫ్యూజన్ కుదించిన ఫైల్ ఆ గీత కింద ఎలాగో ఇమిడిపోయింది, ఎస్‌డీఎక్స్‌ఎల్ ఇమడదు. డ్రైవ్‌లో 900 జీబీ ఖాళీ ఉన్నా ఫైల్ మరీ పెద్దదన్న సందేశం చూసి జుట్టు పీక్కునేవాళ్లు ఈ కోవలోని వాళ్లే.

ఇక్కడ మీమాంసకులు వాదంలోకి వస్తారు. వాళ్ల లెక్కలో శక్తి విడిగా ఒక పదార్థం. నిప్పు దగ్గర చంద్రకాంతమణి పెడితే నిప్పు కాల్చదని శాస్త్రాల్లో ఒక ఉదాహరణ ఉంది. నిప్పు అలాగే ఉంది, కాల్చడం లేదు. కాబట్టి నిప్పు కాక దానిలో దాహకశక్తి అనేది వేరే ఉంది, మణి దాన్ని అణచింది అంటారు వాళ్లు. పదిహేడో శతాబ్దంలో విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంత ముక్తావళిలో దీనికి జవాబిచ్చాడు. శక్తి అనే కొత్త పదార్థం అక్కర్లేదు, ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణాల్లో ఒకటి అని లెక్కిస్తే సరిపోతుంది. మణి ఉంటే ఆ అభావం లేదు, అందుకే కాలలేదు. మరి మణి అక్కడే ఉండగా ఉత్తేజకమనే రెండో మణి తెచ్చిపెడితే నిప్పు మళ్లీ కాలుస్తుంది కదా? దానికీ ఆయన నిర్వచనంలో చోటు చేశాడు: ఉత్తేజకం తోడులేని ప్రతిబంధకం లేకపోవడమే కారణం.

ఈ సవరణను పండితుల జుట్టు చీల్చే పని అని కొట్టిపారేసే అలవాటు ఉంది. డ్రైవ్‌ల విషయంలో అది పనికొచ్చే తేడా. ఎక్స్‌ఫ్యాట్ సిమ్‌లింకులను ఒప్పుకోకపోవడం ప్రతిబంధకం. దాన్ని తొలగించాలంటే డ్రైవ్‌ను ఖాళీ చేసి మళ్లీ ఫార్మాట్ చేయాలి. అలా కాకుండా కంఫీయూఐ లాంటి సాఫ్ట్‌వేర్‌లో అదనపు మోడళ్ల దారులు రాసే ఒక చిన్న సెట్టింగుల ఫైల్ ఉంటుంది. అందులో బయటి డ్రైవ్ ఫోల్డర్ చిరునామా రాస్తే లింకు అవసరమే లేకుండా మోడల్ ఎక్కుతుంది. ఎక్స్‌ఫ్యాట్ ఎక్స్‌ఫ్యాట్‌గానే ఉంది, అడ్డు అడ్డుగానే ఉంది, పని మాత్రం జరిగింది. హగ్గింగ్ ఫేస్ ఫోల్డర్ ఎక్కడుండాలో చెప్పే సిస్టమ్ సెట్టింగ్ కూడా ఈ జాతిదే. విశ్వనాథుడి ఉత్తేజకం ఇదే. ఏ అడ్డు తీయాలో, ఏ అడ్డును దాటుకుపోవాలో తెలియక మొత్తం డ్రైవ్‌ను చెరిపేసుకునేవారు ఎక్కువ కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

సామర్థ్యం సంగతి ఇలా ఉండగా, బొమ్మ సంగతి వేరే ప్రశ్న. ఫైల్‌కు బొమ్మ గీసే యోగ్యత ఉందని ఒప్పుకున్నా, బొమ్మ ఆ ఫైల్‌లో ముందే ఉందా? నువ్వుల్లో నూనె ముందే ఉంది, గానుగ దాన్ని బయటికి తెస్తుందంతే, లేనిది ఎన్నటికీ పుట్టదు అన్నది సాంఖ్యుల సత్కార్యవాదం. ఇసుకను ఎంత గానుగాడినా నూనె రాదు కదా అని వాళ్ల ప్రశ్న. పుట్టకముందు కార్యం లేనే లేదు, దాని ప్రాగభావమే ఉంది అన్నది నైయాయికుల అసత్కార్యవాదం.

సాంఖ్యుల వైపు ఒక బలమైన ఆధారం కనిపిస్తుంది. అదే మోడల్, అదే వాక్యం, అదే విత్తు సంఖ్య (సీడ్), అవే సెట్టింగులు ఇస్తే అదే బొమ్మ మళ్లీ వస్తుంది. 32 బిట్ల విత్తు సంఖ్యలు సుమారు 429 కోట్లు, అంటే ఒక్కో వాక్యానికి 429 కోట్ల బొమ్మలు ఎప్పుడో తేలిపోయి ఉన్నాయి, పిలవడమే మిగిలింది అనిపిస్తుంది. కానీ ఆ ‘అవే’ అన్న మాటల్లోనే కిటుకుంది. బొమ్మ మొదలయ్యే యాదృచ్ఛిక చుక్కల గందరగోళాన్ని, అంటే నాయిస్‌ను, విత్తు సంఖ్య నుంచి ఒక సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ కార్డు మీద పుట్టిస్తుంది, మరొకటి ప్రాసెసర్ మీద పుట్టిస్తుంది. ఒకే ఫైల్, ఒకే విత్తు, రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు వేరు బొమ్మలు. కార్డు మారినా చిన్న తేడాలు రావచ్చు. బొమ్మ ఫైల్‌లోనే ఉండి ఉంటే ఇలా జరగకూడదు. అది ఏ ఒక్క చోటా లేదు, సామగ్రి అంతా కలిసినప్పుడు పుట్టింది.

పరిమాణం లెక్క కూడా నైయాయికుల పక్షమే. తొలి స్టేబుల్ డిఫ్యూజన్ నేర్చుకున్నది లాయన్ సంస్థ సేకరించిన 200 కోట్లకు పైబడిన బొమ్మల నుంచి. 4 జీబీ ఫైల్‌ను వాటికి పంచితే ఒక్కో బొమ్మకు రెండు బైట్లు కూడా రావు. రెండు బైట్లలో బొమ్మ కాదు కదా, అందులోని ఒక చుక్క రంగు కూడా పూర్తిగా పట్టదు.

అయినా కథ ఇక్కడితో ఆగలేదు. 2023లో కొందరు పరిశోధకులు ఆ శిక్షణ సరుకులో పదేపదే పునరావృతమైన 3.5 లక్షల బొమ్మలను ఎంచుకుని, వాటి వివరణలనే వాక్యాలుగా ఇచ్చి 17.5 కోట్ల బొమ్మలు గీయించారు. వాటిలో సుమారు వంద అసలు బొమ్మలకు దాదాపు నకళ్లు బయటపడ్డాయి. శాతంగా చూస్తే ఏమీ కాదు. తాత్వికంగా చూస్తే పెద్ద విషయమే, ఆ కొద్ది బొమ్మల వరకు సాంఖ్యుల మాట నిలిచింది. కొన్ని నువ్వుల్లో నూనె ఉంది.

న్యాయస్థానాలు కూడా ఈ చీలికలోనే చిక్కుకున్నాయి. గెట్టీ ఇమేజెస్ సంస్థ స్టెబిలిటీ ఏఐ మీద వేసిన దావాలో ఇంగ్లండ్ హైకోర్టు 2025 నవంబరు 4న తీర్పు చెబుతూ, కాపీరైట్ ఉన్న బొమ్మలను తనలో దాచుకోని మోడల్‌ను ఆ బొమ్మల నకలు అనలేమంది. వారం తిరిగేసరికి, నవంబరు 11న, మ్యూనిక్ కోర్టు ఓపెన్‌ఏఐ మీద గెమా అనే సంగీత హక్కుల సంస్థ వేసిన వ్యాజ్యంలో తొమ్మిది జర్మన్ పాటల సాహిత్యం భాషా మోడల్‌లో నిక్షిప్తమై ఉందని, అది నకలేనని తేల్చింది. ఒకటి బొమ్మలది, ఒకటి మాటలది, చట్టాలు వేరు, సాక్ష్యాలు వేరు. అయినా లండన్ తీర్పులో అసత్కార్యవాదం, మ్యూనిక్ తీర్పులో సత్కార్యవాదం వినిపించకుండా పోవు. మొత్తం ఫైల్‌కు ఒకే జవాబు కావాలనుకోవడమే తిప్పలు తెచ్చిపెడుతోంది. వెయ్యిసార్లు చూసిన బొమ్మకు ఒక న్యాయం, ఒక్కసారి చూసిన బొమ్మకు ఒక న్యాయం అన్నది వస్తుస్థితికి దగ్గర.

చివరి చిక్కు గుర్తింపుది. డ్రైవ్‌ను సరిగా ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఇంకా రాయాల్సిన భాగం రాయకుండానే ఫైల్ మిగిలిపోవచ్చు. రాతల చిట్టా ఉంచుకునే జర్నలింగ్ లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉన్న ఎస్‌ఎస్‌డీలో విద్యుదావేశం మెల్లగా కారిపోయి బిట్లు తారుమారు కావచ్చు. సేఫ్‌టెన్సర్స్ ఫైల్ ముందున్న పట్టికలో బిట్ చెడితే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఫైల్‌ను తెరవనంటుంది. వెనకనున్న అంకెల్లో చెడితే ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకుంటుంది, ఎందుకంటే సరిచూసుకునే సంఖ్య ఆ ఫార్మాట్‌లో లేదు. 86 కోట్ల అంకెల్లో ఒకటి కాస్త మారితే బొమ్మలో తేడా కంటికి అందదు. మారిన బిట్ అంకె పరిమాణాన్నే తారుమారు చేసేదైతే బొమ్మ చెదిరిపోవచ్చు, నల్లటి పలకే మిగలవచ్చు.

కంటికి ఒకటే అనిపించే రెండు ఫైళ్లు వేరని చెప్పగలిగేది ఎస్‌హెచ్‌ఏ256 లాంటి హ్యాష్. ఒక్క బిట్ మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. ‘ఇది అదే’ అన్న ప్రత్యభిజ్ఞ నమ్మదగినదా కాదా అన్నది బౌద్ధులకూ తక్కినవారికీ మధ్య ఇంకో పాత తగాదా. కత్తిరించాక మళ్లీ పెరిగిన జుట్టును చూసి అదే జుట్టు అంటాం, అది భ్రమ అని బౌద్ధులు చూపించేవారు. మీమాంసకుడు కుమారిలభట్టు వర్ణాల విషయంలో ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు పలికినా ‘గ’ ఒకటే ‘గ’, ధ్వని దాన్ని వ్యక్తం చేస్తుందే గాని పుట్టించదు. ఫైళ్ల మీద కుమారిలుడి మాట బాగా అతుకుతుంది. 2024 ఆగస్టులో రన్‌వే సంస్థ హగ్గింగ్ ఫేస్ నుంచి తన ఖాతాలోని స్టేబుల్ డిఫ్యూజన్ 1.5ను తీసేసినప్పుడు ఆ మోడల్ పోలేదు. లెక్కలేనన్ని డ్రైవ్‌లలో అదే హ్యాష్‌తో ఉన్న ఫైళ్లు ఉన్నాయి. మళ్లీ వేరేచోట పెట్టిన నకలును హ్యాష్ సరిచూసుకుని అదే మోడల్ అని వాడుకున్నారు. ఏది అసలు, ఏది నకలు అన్న ప్రశ్నకు అక్కడ అర్థమే లేకపోయింది.

అందువల్ల డ్రైవ్ చెడిపోయినప్పుడు పోయేది ఏమిటన్న దానికి రెండు జవాబులు. అందరి దగ్గరా ఉన్న మోడల్ పోతే పోయింది ఆ డ్రైవ్‌లోని ఒక అభివ్యక్తి మాత్రమే, కొన్ని గంటల డౌన్‌లోడ్‌తో తిరిగొస్తుంది. సొంత బొమ్మలతో శిక్షణ ఇచ్చి, ఒకే డ్రైవ్‌లో దాచిన 150 ఎంబీ లోరా సంగతి వేరు. దానికి మరో నకలు లేకపోతే కలిగేది నైయాయికులు చెప్పే ప్రధ్వంసాభావం, మొదలుండి తుది లేని లేమి. అవే బొమ్మలు పెట్టి మళ్లీ శిక్షణ ఇవ్వొచ్చు. శిక్షణలో బొమ్మల వరుస, మొదటి అంకెలు యాదృచ్ఛికంగా వస్తాయి కాబట్టి తయారయ్యేది దాదాపు అలాగే గీసే మరో లోరా, మరో హ్యాష్‌తో.